కుడిపక్కకు తెరుచుకున్న స్టెప్నీ

అమెరికాలో, పార్సిప్పనీ అనే ఊళ్ళో మా అపార్ట్‌మెంట్లకు ఎదురుగా కార్ల సైలెన్సర్లు బాగుచేసే చిన్న షాపు ఉంది. గాలి ఇటు తిరిగిన రోజున అక్కడి కాలిన ఇనుము వాసన, పాత పెయింటు మాడిన వాసన కలిసి మా బాల్కనీలోకి వస్తాయి. మావారు విసుక్కుంటూ తలుపు వేస్తారు. నాకు మాత్రం ఆ వాసనకి ఆకలేస్తుంది. పులిహోర తినాలనిపిస్తుంది. ఈ సంగతి ఎవరికి చెప్పినా నవ్వుతారు కాబట్టి చెప్పడం మానేశాను.

నాకు తొమ్మిదేళ్ళప్పుడు మేం బెంటన్‌విల్‌లో ఉండేవాళ్ళం. నాన్నది సాఫ్ట్‌వేర్ కాంట్రాక్టు. అద్దె ఇల్లు, దానికో గరాజ్, గరాజ్ ముందు పగుళ్ళిచ్చిన సిమెంటు వాకిలి, ఎండాకాలం మధ్యాహ్నాలు చెట్లమీంచి చెవులు హోరెత్తేలా అరిచే పురుగులు, గడ్డి కోసినప్పుడల్లా లేచే పచ్చివాసన, పార్కు షెల్టర్లో శనివారం శనివారం తలో వంటా తెచ్చుకుని కలిసి తినే తెలుగువాళ్ళ పాట్‌లక్కులు, అక్కడ అల్యూమినియం ట్రేలలో చల్లారిపోయిన గారెలు, వాటికోసం పిల్లలందరి తోపులాట. ఊళ్ళో బస్సుల్లేవు, నడిచి వెళ్ళే దూరంలో ఏమీ లేదు. అమ్మకింకా లైసెన్సు రాలేదు. ఎక్కడికి వెళ్ళాలన్నా నాన్న బండి తియ్యాల్సిందే.

ఆ బండి ఓ పాత ఫోర్‌వీల్ డ్రైవ్. కొండల్లో, వాగుల్లో తిరగాలని నాన్నకి సరదా పుట్టి కొన్నారు. కొన్న నెలలోనే పెద్ద టైర్లు వేయించారు. దాంతో అసలు చిక్కు వచ్చిపడింది: బండి కింద స్టెప్నీ పెట్టే చోట ఆ పెద్ద టైరు పట్టలేదు. ఇంక అది వెనక సీట్లో నా పక్కన ప్రయాణం చేసేది. నాన్న దానికి సీటుబెల్టు కూడా పెట్టేవారు. పాట్‌లక్కులో ఆంటీలు "ఏమే, మీ తమ్ముడేడీ?" అని ఏడిపించేవారు. ఎండకి ఆ రబ్బరు వాసన నా గౌన్లకి, పుస్తకాలకి, డబ్బాలో అన్నానికి కూడా పట్టేసేది.

అమ్మ గురించి కాస్త చెప్పాలి. విజయవాడ ఆటోనగర్లో మా తాతయ్యకి లారీ బాడీలు కట్టే షెడ్డు ఉండేది. అమ్మ అందులోనే పెరిగింది, మెకానికల్ డిప్లమా చదివింది, పెళ్ళికి ముందు రెండేళ్ళు ఆ షెడ్డు తనే నడిపింది. అమెరికా వచ్చాక డిపెండెంట్ వీసా కాబట్టి ఉద్యోగం చెయ్యడానికి వీల్లేదు. ఇంట్లో గిన్నెల స్టాండు వంకరగా ఉంటే దానివంక చూస్తూ కూర్చునేది. తాతయ్య పోయాక మామయ్య వారం వారం ఫోన్ చేసి, తనొక్కడివల్ల కావడం లేదు, వచ్చి షెడ్డు చూసుకోమని అడిగేవాడు. ఆ వేసవిలో ఓ రోజు వంటింట్లో అమ్మ నాన్నతో అంటుండగా నేను విన్నాను.

"దసరా అవగానే పిల్లని తీసుకుని వెళ్ళిపోతానండీ. ఇక్కడ ఖాళీగా కూర్చుని నాకు పిచ్చెక్కుతోంది."

నాన్న "నీ ఇష్టం" అన్నారు. నాకు మాత్రం ఇష్టం లేదు. నా స్కూలు, నా స్నేహితులు, ఒక్కరే మిగిలిపోయే నాన్న. ఎవరికీ చెప్పకుండా రోజులు లెక్కపెట్టుకోవడం మొదలుపెట్టాను.

స్టెప్నీ పని ఆ తర్వాతి వారమే మొదలైంది. సీట్లోంచి టైరు దించబోయి నాన్న నడుం పట్టుకుని కూలబడ్డారు. అమ్మ బండి చుట్టూ ఒకసారి తిరిగి, "వెనకాల టైరు తగిలించి పక్కకి తిరిగేలా ఇనుప చెయ్యి ఒకటి పెడితే సరిపోద్ది గదా" అంది. ఆన్‌లైన్‌లో ఆర్డర్ చేద్దామన్నారు నాన్న. "తలుపు బందులు పెట్టి చేసినవి ఆర్నెల్లకి జారిపోతాయి. దసరాలోగా నేనే చేసిపెట్టి మరీ వెళ్తా" అంది అమ్మ. నాన్న వెంటనే ఎక్సెల్ షీటు తెరిచి బరువులు, కొలతలు నింపడం మొదలెట్టారు. చెప్పొద్దూ, నాన్నకి గోడకి మేకు కొట్టడం కూడా రాదు.

పక్కింట్లో డేల్ అనే పెద్దాయన ఉండేవాడు. ట్రాక్టర్లు బాగుచేసి రిటైరైనవాడు. అందరినీ పిలిచినట్టే నేను ఆయన్నీ డేల్ అంకుల్ అనేదాన్ని, దానికాయన మురిసిపోయేవాడు. వెల్డింగ్ మెషీన్ చక్రాలమీద దొర్లించుకుంటూ మా గరాజ్‌లోకి ఆయనే తెచ్చిపెట్టాడు. అమ్మ చుడీదార్ పైన ఆయనిచ్చిన తోలు కోటు తొడుక్కుంది. చేతులు పొడుగై వేళ్ళు కనబడేవి కావు.

అమ్మ కాగితం మీద బొమ్మ గియ్యలేదు. ఆటోనగర్ పద్ధతిలో గరాజ్ నేలమీద సుద్దముక్కతో అసలు సైజులోనే గీసింది, ఆ గీతలమీదే ఇనుప గొట్టాలు పరిచి కోసింది. బంపరే బలహీనంగా ఉందని ముందు దాన్ని తీసేసి మందపాటి చదరపు గొట్టంతో కొత్తది కట్టింది. దాని కొసన, ట్రైలర్ చక్రానికి వాడే ఇరుసు ముక్కని నిలువుగా నిలబెట్టి, నిటారుగా ఉందో లేదో రసమట్టం పెట్టి నాలుగుసార్లు చూసి అతికింది. పైనొకటి కిందొకటి బేరింగులు, మధ్యలో గ్రీజు, ఆ ఇరుసు చుట్టూ తిరిగే చెయ్యి, చేతిమీద టైరు బిగించే పలక. మూలమూలకీ మూడుకోణాల రేకులు వేసింది. "చెయ్యి మూశాక బరువంతా ఇరుసుమీద ఉండకూడదే. అవతలి కొస కూర్చోడానికి పీట ఉండాలి. లేపోతే గతుకులకి ఊగి ఊగి అతుకు చీలిపోద్ది" అని నాకు చెప్పేది, నాకు అర్థమవుతుందో లేదో చూసుకోకుండా. మంట వెలుగు చూస్తే కళ్ళల్లో ఇసుక పోసినట్టుంటుందని నన్ను గోడవైపు తిప్పి కూర్చోబెట్టేది. మధ్యాహ్నం పని ఆపి, ఇద్దరం బోర్లించిన బకెట్లమీద కూర్చుని డబ్బాలో పులిహోర తినేవాళ్ళం. అమ్మ అంతలా కబుర్లు చెప్పడం నేనంతకుముందు చూడలేదు.

సుద్దగీతలు గీసిన రోజే నాకో సంగతి తట్టింది. అమ్మ ఇరుసుని బండికి కుడిపక్కన పెట్టింది. అంటే చెయ్యి ఎడమనుంచి తెరుచుకుని కుడిపక్కకు వెళ్ళి నిలబడుతుంది. విజయవాడలో అదే సరి, అక్కడ బండి ఎడమ అంచున ఆగుతుంది, దించేవాడు అంచువైపు నుంచుంటాడు. ఇక్కడ బండి ఆగేది కుడి అంచున. స్కూలు బస్సు తలుపు ఎప్పుడూ కుడివైపే ఉంటుందని, రోడ్డువైపు దిగకూడదని మాకు మొదటి క్లాసునుంచీ నూరిపోశారు. ఈ చెయ్యి తెరిస్తే కుడివైపు దారి మూసుకుపోతుంది, మనిషి కార్లు పోయేవైపు నుంచోవాలి. డేల్ అంకుల్‌కి అది వింతగా తోచలేదు, ఇక్కడ షాపుల్లో రెండు రకాలూ దొరుకుతాయి. నాన్న ఎక్సెల్‌లో ఎడమా కుడీ లేవు. తెలిసినదాన్ని నేనొక్కదాన్నే, చెప్పలేదు. తప్పుగా చేస్తే మళ్ళీ చెయ్యాలి, మళ్ళీ చెయ్యాలంటే దసరాకి అవదు, అవకపోతే అమ్మ వెళ్ళదు. తొమ్మిదేళ్ళ బుర్రకి ఆ లెక్క చాలా బాగుందనిపించింది.

కానీ పని సరిగ్గా దసరాకే అయిపోయింది. చెట్లన్నీ ఎర్రబడ్డ రోజులవి. అమ్మ గ్రైండర్‌కి, స్పానర్లకి, డేల్ అంకుల్ మెషీన్‌కి కూడా పసుపూ కుంకుమా పెట్టింది. నాలుగు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టాక, వేలాడే అయిదో చక్రం కింద ఎలా పెట్టాలో తెలియక నాన్న నిమ్మకాయని చేత్తో పట్టుకుని నిలబడ్డారు. వాకిట్లో గుమ్మడికాయ కొడితే ఉడతలొచ్చి తిన్నాయి. డేల్ అంకుల్ అతుకులన్నీ వేలితో తడిమి, తనకి తెలిసిన షాపులో అమ్మని సోమవారంనుంచే పనిలోకి తీసుకుంటారన్నాడు. కుదరదని నాన్న ఇంగ్లీషులో వీసా సంగతి వివరిస్తుంటే అమ్మ చక్రపొంగలి గిన్నె సర్దుతూ ఉండిపోయింది.

మర్నాడే కొండలకి బయల్దేరాం. నా పక్క సీటు ఖాళీ, కాళ్ళు చాపుకున్నాను. ఊరు దాటిన గంటకి హైవేమీద వెనక టైరు పేలింది. నాన్న కుడి అంచున ఆపారు. అంచు పొడుగునా ఇనుప కంచె. అమ్మ గర్వంగా గొళ్ళెం తీసి చెయ్యి లాగింది. అది సగం తెరుచుకుని కంచెకి కొట్టుకుని ఆగిపోయింది. అమ్మ దాన్ని వదల్లేదు, అటు రోడ్డుకేసి, ఇటు కంచెకేసి చూసింది. అప్పటికే నాన్న టైరు దించడానికి రోడ్డువైపు వెళ్ళి వంగారు. ఓ పెద్ద ట్రక్కు ఆయన్ని రాసుకున్నంత దగ్గరగా పోయింది. గాలికి ఆయన టోపీ ఎగిరి ఎక్కడికో పోయింది. అమ్మ ఆయన చొక్కా పట్టుకుని ఒక్క గుంజు గుంజి కంచె దగ్గర పడేసింది.

నేను బావురుమన్నాను. "ఐ న్యూ, అమ్మా! రాంగ్ సైడ్ అని నాకు తెల్సు. నేన్ చెప్పలేదు. ఫినిష్ ఐతే యూ విల్ గో అని... నాకు వెళ్ళొద్దు."

ఎవరూ నన్ను తిట్టలేదు. అమ్మ కంచెకి ఆనుకుని కూర్చుని, "అందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టుంది నా పని" అంది. టో ట్రక్ వచ్చి బండిని ఇంటికి లాక్కొచ్చింది. ఆ మధ్యాహ్నం తలుచుకుంటే నాకు ఇప్పటికీ సిగ్గేస్తుంది.

చలి మొదలయ్యేలోగా అమ్మ ఇరుసు కోసి ఎడమపక్కన అతికింది. ఈసారి కబుర్లు లేవు. అది అయిపోయినా విజయవాడ మాట మాత్రం ఇంట్లో మళ్ళీ వినబడలేదు. నేను గెలిచానని చాలా ఏళ్ళు అనుకున్నాను.

ఆ బండి వాగుల్లో, రాళ్ళమీద ఏళ్ళతరబడి తిరిగింది. చెయ్యి వీసమెత్తు జారలేదు. తర్వాత ఎవరో కొనుక్కుపోయారు. డేల్ అంకుల్ పోయారు, వాళ్ళ పిల్లలు ఇల్లమ్మేశారు. మామయ్య ఆ షెడ్డు వదిలించుకున్నాడు, ఇప్పుడక్కడ సెల్‌ఫోన్ల షాపుందట. గ్రీన్‌కార్డు వచ్చేసరికి నేను కాలేజీకి వచ్చాను. అమ్మ ఓ స్కూలు ఆఫీసులో కాగితాల ఉద్యోగంలో చేరింది. మళ్ళీ వెల్డింగ్ రాడ్ పట్టుకోలేదు.

కిందటి నెల అమ్మ మా ఇంటికొచ్చింది. ఆ రోజు గాలి ఇటే ఉంది. వంటింట్లో చిక్కుడుకాయలు ఒలుస్తూ తనూ ఆ వాసన పీల్చింది. ఇన్నేళ్ళకి ధైర్యం చేసి, ఆ రోజు నేను ఏడవకపోతే వెళ్ళిపోయేదానివా అని అడిగాను. లేదంటుందనే అనుకున్నాను. తల్లులు అలాగే అంటారు కదా.

"వెళ్ళిపోయేదాన్నే" అంది అమ్మ, ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా.