ఎడమ చేతి బోణీ

తిరిగే కాలు, తిట్టే నోరు ఊరుకోవంటారు. నాకు రెండూ ఉన్నాయి. కాలు ఉద్యోగం వల్ల వచ్చింది, నోరు నేను పెంచుకున్నాను. నిజామాబాద్ చుట్టుపక్కల పాల కేంద్రాలకు పోయి, పాలలో వెన్న ఎంతుంది, నీళ్లు కలిశాయా లేదా అని పరీక్ష చేయడం నా పని. పాలు తెల్లారకముందే వస్తాయి కాబట్టి ఎనిమిది కొట్టేసరికి నాకు చేతులు ఖాళీ. అప్పుడు నేరుగా బస్టాండుకు పోను. ఆ ఊళ్లో ఆ రోజు అంగడి ఉందేమో కనుక్కుంటాను.

ముప్కాల్‌లో ప్రాజెక్టు నీళ్లలో పట్టిన చేపలు గంపలో పడ్డాక కూడా తోకలాడిస్తుంటాయి. మోస్రాలో వంకాయలు తొడిమల ముళ్లు గుచ్చుకునేంత తాజాగా వస్తాయి. బోధన్ అంగడిలో తెలుగులో ధర అడిగితే ఉర్దూలో చెప్తారు, పక్కనున్న ఆమె మరాఠీలో తగ్గించమంటుంది, బేరం మాత్రం అందరికీ తెలిసిపోతుంది. అంత పొద్దున పోతాను కనుక చాలాచోట్ల బోణీ నాదే. ఫోన్లో పైసలు తీసుకునేవాళ్లు కూడా బోణీకి నోటే ఇమ్మంటారు. కళ్లకద్దుకోవాలి కదా! నా చెయ్యి మంచిదని ఆ అంగళ్లలో నాకు పేరు కూడా ఉంది.

మొన్న ఎండాకాలం సెలవుల్లో మా బిడ్డను వెంట తిప్పుకున్నాను. దానికి ఏడేళ్లు. నాలాగే ఎడమచేతి వాటం. ఇంట్లో మా అత్త అది ఎడమ చేత్తో గ్లాసు పట్టినా, పెన్సిల్ పట్టినా చేతి మీద చిన్న దెబ్బ వేస్తుంది. గట్టి దెబ్బ కాదు. అదే పనిగా వేసే చిన్న దెబ్బ. ఆ మధ్య అది అన్నానికి కూర్చున్నా, టీవీ ముందు కూర్చున్నా ఎడమ చెయ్యిని తొడ కింద దాచుకోవడం చూశాను. అత్త మీద గుడ్లురిమాను. చిన్నప్పుడు మా బాపు తువ్వాలతో నా ఎడమ చెయ్యి మంచం కోడుకు కట్టి అన్నం పెట్టేవాడు. ఆ తువ్వాల నా బిడ్డ దాకా రావద్దు. అందుకే వెంట తీసుకుపోయాను. బయట నలుగురిలో ఆ చెయ్యి మళ్లీ బయటికి రావాలి, అంతే నాకు కావలసింది.

ఆ రోజు బోధన్ అంగడి. మోస్రా దిక్కు నుంచి ఆటోలో వచ్చిన ఒక అవ్వ గోనెసంచి పరిచి గంపలోని చింతచిగురు కుప్ప పోసింది. ఎర్రెర్రగా, చేత్తో పడితే నలిగిపోయేంత లేతది. చింతచిగురు పప్పంటే మా బిడ్డ ప్రాణం ఇస్తుంది. దాని చేతికి నోటిచ్చి, నువ్వే కొనమన్నాను. అది తొడ పక్కనుంచి మెల్లగా ఎడమ చెయ్యి తీసి నోటు అందించింది.

అవ్వ చెయ్యి వెనక్కి తీసుకుంది.

"గదేంది బిడ్డా, బోణి బేరమిది. కుడి చేత్తోని ఇయ్యి."

"దాని చెయ్యి గదే అవ్వా, తీస్కో," అన్నాను.

"నీకేమమ్మా, నెలకింత జీతమొస్తది. బోణి తప్పుతె నేను పొద్దంత ఈగలు తోలుకోవాలె. మా ఆయన పోయినంక గీ అంగడే నన్ను సాదింది."

ఆమె మాటలో అబద్ధం లేదు. అయినా నా నోరు ఊరుకుంటుందా? "చింతచెట్టు ఎక్కి చిగురు దూసినోడు ఏ చేత్తో దూసిండో అడిగినవా? నీ గంప మోసింది ఒక్క కుడి చెయ్యేనా?" అన్నాను. పక్కన నిమ్మకాయలు పోసుకున్న సాయిబు నవ్వి, "అరే అక్కా, పొద్దుగాల్నే లొల్లి ఎందుకు? చెయ్యి మార్చుమను, ఖతం," అన్నాడు. చెయ్యి మార్చడమే ఖతం అనుకుంటారు అందరూ. మార్చుకున్నవాళ్లను అడగరు.

ఇంతలో మా బిడ్డ నోటును కుడి చేతికి మార్చుకోబోయింది.

"నువ్వెందుకు మారుస్తున్నవ్?" అని దాని మీదే కేకలేశాను.

అది నా మొహంలోకి చూసింది. "నువ్వు గూడ కుడి చేత్తోనే ఇస్తవ్ గదమ్మా. ప్రతి అంగట్ల."

ముప్కాల్‌లో, మోస్రాలో, మాక్లూర్‌లో, ఎక్కడికి పోయినా సంచి ఎడమ చేత్తో మోసి నోటు కుడి చేత్తో ఇచ్చినదాన్ని నేనే. మంచిదని పేరు తెచ్చుకున్న చెయ్యి నా చెయ్యే కాదు. మా బాపు కట్టిన తువ్వాల ఇంకా నా చేతికే ఉంది, నేనేమో అత్త మీద గుడ్లురుముతున్నాను. సిగ్గేసింది. నిజంగా సిగ్గేసింది.

బిడ్డ చేతిలో నోటు తీసుకున్నాను. ఎడమ చేత్తో అవ్వ ముందుకు పట్టాను. నలభై ఏళ్లకు ఇదే మొదటిసారి.

"నేను గూడ ఎడమదాన్నే అవ్వా. ఇన్నేండ్లు దాసుకున్న. ఇస్తె గీ చేత్తోనే ఇస్త, లేకుంటె పోత."

పోత అన్న మాటకు అవ్వ ఉలిక్కిపడింది. బోణీ బేరం కొనకుండా తిరిగిపోతే ఎడమ చేతికన్నా పెద్ద అపశకునం. అది నాకూ తెలుసు, తెలిసే అన్నాను. ఆమె ఇటు పోనియ్యలేదు, అటు పుచ్చుకోలేదు. అప్పుడే నోటు ఇంకో కొసను ఒక చిన్న చెయ్యి వచ్చి పట్టుకుంది. ఎడమదే.

"తల్లి గట్లనే ఉన్నది, పిల్ల గట్లనే ఉన్నది," అని గొణుక్కుంటూ అవ్వ నోటు లాక్కుంది. ఒక్క క్షణం ఆగి కళ్లకద్దుకుంది. చిగురు మాత్రం దోసిలి నిండా పోసి, పైన ఇంకో పిడికెడు కొసరు వేసింది. కోపం కోపమే, కొసరు కొసరే.

ఆ కుప్ప ఆ రోజు అమ్ముడుపోయిందో లేదో నేను చూడలేదు. కావాలనే చూడలేదు. పోతే నా చెయ్యి మంచిదని, పోకపోతే పాడుదని చెప్పుకోవడానికి నేనేం సోది చెప్పేదాన్ని కాదు. పోకపోతే ఆ తప్పు చిగురును వాడగొట్టిన ఎండది.

నిజామాబాద్ బస్సులో కిటికీ పక్కన సీటు దొరికింది. సంచి ఒళ్లో పెట్టుకుని మా బిడ్డ ఒక్కొక్క చిగురే తీసి నోట్లో వేసుకుంటోంది, పులుపుకు కళ్లు చిట్లిస్తోంది. తీసే చెయ్యి ఎడమదే. నా మనసు నిండింది. తర్వాత చూస్తే కుడి చెయ్యి కనిపించలేదు. తొడ కింద పెట్టుకుని, దాని మీద గట్టిగా కూర్చుంది.

"దాన్ని గూడ తియ్యి బిడ్డా," అన్నాను. "అదేం పాపం జేసింది?"