పండరీ హోటల్లో నా గది తాళం

దయ్యాల మాటెత్తితే నవ్వేసే మనిషిని నేను. బియ్యం మిల్లుల్లో రంగు మారిన గింజలు ఏరే యంత్రాలు బాగుచేయడం నా ఉద్యోగం. ఏ యంత్రమైనా ఆగిందంటే దానికో కారణం ఉంటుంది, ఓపిగ్గా వెతికితే దొరుకుతుంది. ఇన్నేళ్ళూ ఆ నమ్మకంతోనే బతికాను. రాయపూర్‌లో ఒక ఉదయం జరిగినదానికి మాత్రం ఇంతవరకూ కారణం దొరకలేదు.

మాది విశాఖపట్నం. మందిర్ హసౌద్ చుట్టుపక్కల మిల్లుల పని మీద రెండు మూడు నెలలకోసారి రాయపూర్ వెళ్తుంటాను. మా అమ్మ చెల్లెలు ఎస్తేరు పిన్ని ఆ ఊళ్ళోనే, తెలీబంధాలో ఉండేది. పెళ్ళయిన కొత్తలో నరసాపురం నుంచి వెళ్ళి, అక్కడే ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైంది. నేను డిప్లొమా చదివిన మూడేళ్ళూ ఆమె ఇంట్లోనే ఉన్నాను. నాకు ఉబ్బసం. డ్యూటీ నుంచి ఎంత అలసిపోయి వచ్చినా, ముందు నాకు ఊపిరి ఎలా ఆడుతోందో చూశాకే నడుం వాల్చేది.

అలాంటి మనిషి ఇంటికి వెళ్ళడం మానేశాను. నా భార్య నన్ను వదిలి వెళ్ళిపోయాక, పిన్ని భోజనానికి ముందు ప్రార్థనలో మా ఇద్దరి పేర్లూ పైకి చెప్పి, మమ్మల్ని కలపమని దేవుణ్ణి అడిగేది. అన్నం ముందు కూర్చుని అది వినడం నావల్ల కాలేదు.

అప్పటినుంచి పండరీ బట్టల మార్కెట్ దగ్గర ఒక చవక హోటల్లో దిగేవాణ్ణి. ఊరూరా ఒకే పేరుతో ఉండే రకం. ఎక్కడ దిగినా అవే తెల్ల దుప్పట్లు, అదే గోడ రంగు, అదే పలుచటి సబ్బు. ఆధార్ కార్డు తప్ప ఎవరూ ఏమీ అడగరు. నాకు కావలసిందీ అదే. పిన్నికి మాత్రం ఆ ఊరు వచ్చినట్టే చెప్పేవాణ్ణి కాదు.

ఆ రోజు పొద్దున రైలు దిగి, స్టేషన్ బయట ఆటో ఎక్కుతుంటే పిన్ని ఫోన్ చేసింది.

"ఎక్కడున్నావు నాన్నా?"

"వైజాగ్‌లోనే పిన్నీ. డ్యూటీకి బయల్దేరుతున్నా."

నా వెనక స్టేషన్ మైకులో హిందీ ప్రకటన వినిపిస్తూనే ఉంది. "సరే అయ్యా, వేళకి తిను" అని పిన్ని పెట్టేసింది.

హోటల్ కౌంటర్లో ఎప్పుడూ ఉండే నడివయసావిడే ఉంది. నా కార్డు చూసి, "చాబీ తో ఆంటీజీ లే గయీ" అంది. నేను ముందే బుక్ చేసుకున్న గది తాళం ఎవరో ఆంటీ తీసుకుని పైకి వెళ్ళిందట. ఏ ఆంటీ అని అడిగాను. తెల్ల చీర, బొట్టు లేదు, కళ్ళజోడుకి నల్ల దారం అంది. అచ్చం మా పిన్ని ఆనవాళ్ళే. నా పూర్తి పేరు చెప్పి, అబ్బాయి వెనకే వస్తున్నాడు, ఈలోగా గది సర్దాలి అందట.

పైకి వెళ్ళాను. తాళంచెవి తలుపుకే వేలాడుతోంది. లోపల ఎవరూ లేరు. కిటికీ తెరిచి ఉంది. మంచం తలవైపు పరుపు కాస్త ఎత్తుగా కనిపించింది. లేపి చూస్తే, కింద కంబళి నాలుగు మడతలు వేసి పెట్టి ఉంది. ఉబ్బసం ఉన్నవాడికి ఊపిరి సులువుగా ఆడాలని పిన్ని నాకు అలాగే పడక వేసేది. దుప్పటి మూలలు కూడా ఆసుపత్రి మంచానికి మడిచినట్టు బిగించి ఉన్నాయి.

గదులు సర్దే అతన్ని పిలిచి అడిగాను. తను కంబళి బీరువాలోనే పెట్టానన్నాడు. కిందికి వెళ్ళి కెమెరా చూపించమన్నాను. అది కౌంటర్ లోపలి వైపుకే తిప్పి ఉంది. కౌంటర్ ఆవిడ తలెత్తి నవ్వడం, ఎవరితోనో మాట్లాడటం, తాళంచెవి ముందుకు చాపడం కనిపించాయి. అందుకున్నది ఎవరో కనిపించలేదు.

నేరుగా తెలీబంధా వెళ్ళాను. పిన్ని కూతురు రూతు తలుపు తీసింది.

"అన్నయ్యా, నువ్వు వైజాగ్‌లో ఉన్నావని చెప్పిందే అమ్మ?"

"పిన్ని పొద్దున బయటికేమైనా వెళ్ళిందా?" అన్నాను.

రూతు నన్ను వింతగా చూసింది. "ఎక్కడికెళ్తుంది? బాత్రూంలో పడి తుంటి విరిగింది. నెల దాటింది మంచం దిగక. నీకు ఫోన్ చేస్తానంటే మనా చేసింది, ఊరికే పరేషాన్ అవుతాడు వద్దని. ఇందాక నీతో మాట్లాడి పడుకుంది, ఇంకా లేవలేదు."

పిన్ని సగం మనిషైపోయింది. కాళ్ళ మధ్య దిండు పెట్టి పడుకోబెట్టారు. అలికిడికి కళ్ళు తెరిచి, నా చెయ్యి పట్టుకుంది.

"పిన్నీ, హోటల్‌కి ఎవరినైనా పంపావా?"

"ఏ హోటలు నాన్నా? ఇప్పుడే కదా వైజాగ్ నుంచి దిగావు. మొహం కడుక్కో. రూతూ, అన్నయ్యకి చాయ్ పెట్టమ్మా."

వైజాగ్ నుంచి రాయపూర్‌కి రాత్రంతా ప్రయాణం. రెండు గంటల కిందట వైజాగ్‌లో ఉన్నానన్నవాణ్ణి తన మంచం పక్కకి ఎలా వచ్చానో పిన్ని అడగలేదు. మతి తప్పిన మనిషి కాదు. తను వేసుకునే మందుల పేర్లన్నీ ఆ పూటే నాకు తడుముకోకుండా చెప్పింది.

మధ్యాహ్నం గది ఖాళీ చేసి, సంచి తెలీబంధాకి తెచ్చేసుకున్నాను. ఆ తర్వాత పిన్ని అయిదు నెలలు బతికింది. ఎప్పుడు వెళ్ళినా ఆమె ఇంట్లోనే ఉన్నాను.

మైకులో హిందీ విని నేను రాయపూర్‌లోనే ఉన్నానని ఆమె కనిపెట్టి ఉండొచ్చు. అంతవరకు నాకు అర్థమవుతుంది. ఏ హోటలో, ఏ గదో ఎలా తెలిసింది? తాళం తీసుకుని మెట్లెక్కింది ఎవరు? తెలియదు. పిన్ని కాకపోతే, నా అబద్ధం ఆమెకి తెలియకుండానే పోయి ఉండొచ్చు. పిన్నే అయితే, అంతా తెలిసీ తెలియనట్టుండి నన్ను సిగ్గుపడకుండా కాపాడింది. ఏది నిజమైతే నాకు తేలికో కూడా ఇప్పుడు చెప్పలేను.

ఆ అయిదు నెలల్లో నా అబద్ధం ఒప్పుకుందామని ఎన్నోసార్లు ఆమె పక్కన కూర్చున్నాను. "పిన్నీ, ఆ రోజు..." అనగానే నా చెయ్యి నొక్కి, "ముందు అన్నం తిను అయ్యా" అనేది. తినేవాణ్ణి. చెప్పలేదు.