గిన్నెలో ముందెవరి బెల్టు

మా గల్లీ చివరింటి పిల్ల మీద నాకు పన్నెండేళ్ల వయసు నుంచీ కుళ్లు. ఇది దాచుకునే సంగతి కాదు, దాచినా దాగదు. మా అమ్మకు తెలుసు, మా అక్కకు తెలుసు, కరాటే సారుకు తెలుసు, అందరికన్నా ముందు ఆమెకే తెలుసు. ఆడపిల్లలం ఇద్దరం ఒకే రోజు, ఒకే బడి మైదానంలో, ఒకే వరసలో నిలబడి కరాటే మొదలుపెట్టాం. నా కాలు నడుము దాకా లేవడానికి మూడు నెలలు పట్టింది. ఆమె కాలు రెండో వారానికే చెవి దాకా పోయింది. అక్కడ మొదలైంది నా కడుపుమంట.

మాది మేళ్లచెరువు. సున్నపురాయి నేల, సిమెంటు ఫ్యాక్టరీల ఊరు. మా బాపు, ఆమె నాయిన, మా కరాటే సారు ముగ్గురూ ఒకే ఫ్యాక్టరీలో సిమెంటు బస్తాలు నింపే చోట పనిచేసేవాళ్లు. సారు పొద్దున షిఫ్టుకు పోయే ముందు మాకు నేర్పేవాడు. ఆయనది మర్రిగూడ దిక్కు. చిన్నప్పుడు ఆ ఊరి ఫ్లోరైడు నీళ్లు తాగి పెరిగిన మనిషి, వయసు పైబడేకొద్దీ మోకాళ్లు బిగుసుకుపోయాయి. "నావి వంగయి. మీయి వంగాలె," అనేవాడు. గుర్రం మీద కూర్చున్నట్టు కాళ్లు ఎడంగా పెట్టించి, తొడలు నేలకు సమంగా దించమనేవాడు. ఎంతసేపని అడిగితే ఆయన దగ్గర గడియారం లేదు. ఫ్యాక్టరీ సైరన్ మోగేదాకా అలాగే ఉండాలి. ఒక్కోరోజు ఆ సైరన్ ఆలస్యంగా మోగేది. కావాలనే ఆలస్యం చేస్తున్నారని మేం తిట్టుకునేవాళ్లం.

ఒక కటా, అంటే వరసకట్టిన దెబ్బలూ అడుగులూ, ఏడాదంతా అదొక్కటే చేయించేవాడు. పిడికిళ్ల మీద, గుండ్రాళ్ల మీద దండీలు తీయించేవాడు. పరీక్ష ఎప్పుడో చెప్పేవాడు కాదు. బెల్టు ఎప్పుడిస్తరు సార్ అని ఎవరైనా నోరు జారితే ఆ పిల్లను ఆర్నెల్లు వెనక్కి నెట్టేవాడు. కప్పుల్లేవు, సర్టిఫికెట్లు లేవు, ఫోటోలు అసలే లేవు.

ఇక బెల్టు సంగతి. మాలో ఎవరికైనా ఉన్నది ఒక్కటే బెల్టు. చేరిన రోజు సారు భార్య ముతకబట్టతో కుట్టి ఇచ్చిన తెల్లది. పాసైన ప్రతిసారీ దానికే రంగు వేసేవాళ్లు. ముందు పసుపు. దాని మీద నీలం వేస్తే ఆకుపచ్చ, ఆ పచ్చ మీద ఎరుపు వేస్తే గోధుమ, ఆఖరికి నలుపు. సారు వాకిట్లో మూడు రాళ్ల పొయ్యి మీద ఒక పాత సిల్వర్ గిన్నె పెట్టి నీళ్లు కాచేవాళ్లు. పరీక్షకు ఒక్కటే గిన్నె, ఒక్కటే రంగు ప్యాకెట్. బాగా చేసినవాళ్ల బెల్టు ముందు ముంచుతారు. తర్వాతి వాళ్లది తర్వాత. ముందు మునిగిన బెల్టు రంగంతా తాగేసేది, రెండోదానికి మిగిలింది అంటుకునేది. ఆమెది పసుపుకొమ్ము రంగు, నాది మజ్జిగలో చిటికెడు పసుపు కలిపిన రంగు. ఆమెది పచ్చ, నాది వెలిసిన పచ్చ. గోధుమ రంగు దగ్గరా అంతే. ఏడేళ్లు నేను ఆమె ఎంగిలి రంగు కట్టుకుని తిరిగాను.

రాష్ట్రం వచ్చిన ఎండాకాలం. ఊరంతా గులాబీ రంగు గులాలు చల్లుకుని ఇంకా కడుక్కోలేదు. నేను ఉప్పుకని కిరాణా కొట్టుకు పోతే సారు భార్య అక్కడ నిలబడి నల్లరంగు ప్యాకెట్ అడుగుతోంది. ఒక్కటే. పరీక్ష ముందు రోజే ఆమె రంగు కొనేది. అంటే పరీక్ష తెల్లారే. ఒక్కటే ప్యాకెట్ అంటే మళ్లీ ముందు చివరింటి పిల్లది, తర్వాత నాది. గోధుమ మీద అరకొర నలుపు పడితే ఏమవుతుందో తెలుసా? తడి బూడిద రంగు. సారు భార్య పోయాక నేనూ రెండు ప్యాకెట్లు కొన్నాను.

అమ్మ పత్తి చేనులో కూలికి పోయింది. ఆమె అన్నం వండే గిన్నెలో నీళ్లు మరగబెట్టి రెండు ప్యాకెట్లూ కుమ్మరించి నా బెల్టు ముంచాను. తీసి ఆరేస్తే కాకి నలుపు. అంత నలుపు ఎవరి దగ్గరా చూసి ఉండరు. దాన్ని చూసుకుంటూ మురిసిపోతున్నప్పుడు తట్టింది నాకు, పొద్దున పరీక్షకు కట్టుకోవడానికి నా దగ్గర ఉన్నది ఇదొక్కటేనని. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగమంటే నేనే. అమ్మ వచ్చి గిన్నె చూసి వీపు విమానం మోత మోగించింది. నల్లబడ్డ బెల్టును ఏ సబ్బు మళ్లీ గోధుమ చేస్తుంది?

తెల్లారి అదే కట్టుకుని పోయాను. ఇంకేం చెయ్యను! సారు వరస పొడవునా కుంటుకుంటూ వచ్చి నా ముందు ఆగాడు.

"గిదేంది?"

నేను బెల్టు ముడి మీద చెయ్యి అడ్డం పెట్టుకున్నాను.

"ఎవలిచ్చిండ్రు నీకు?"

వెనక పిల్లలు కిసుక్కుమన్నారు. సారు కొట్టలేదు, తిట్టలేదు. "ఇప్పు," అన్నాడు. ఇప్పి ఇచ్చాను. దాన్ని మడిచి చంకలో పెట్టుకుని సైకిల్ దగ్గరికి పోయాడు. వెనక టిఫిన్ డబ్బాకు కట్టిన సుతిలి తాడు విప్పి తెచ్చి నా చేతిలో పెట్టాడు. "గిది కట్టుకొని చివర్ల నిలబడు," అన్నాడు. చివర్ల అంటే మొన్న చేరిన ఎనిమిదేళ్ల పిల్లల పక్కన. నాకప్పుడు పందొమ్మిదేళ్లు.

ఆ రోజు చివరింటి పిల్ల ఒక్కతే పాసైంది. గిన్నెలో ఆమె బెల్టు ఒక్కటే మునిగింది. రంగు వేసేటప్పుడు అందరూ చుట్టూ నిలబడాలన్నది సారు పద్ధతి, కాబట్టి నడుముకు సుతిలి తాడుతో నేనూ నిలబడ్డాను. ఆమె నా దిక్కు చూసి నవ్వలేదు. నవ్వినా బాగుండేది, తిట్టుకోవడానికి నాకో కారణం దొరికేది.

ఏడాది పొడవునా ఆ తాడుతోనే చేశాను. మానేద్దామని రోజూ అనుకునేదాన్ని. మానేస్తే ఆమె గెలిచినట్టే కదా అని పోయేదాన్ని. ఓర్వలేనితనం మనిషిని పాడుచేస్తుందంటారు. నన్ను మాత్రం పొద్దున్నే లేపింది. ఒకరోజు సైరన్ మోగాక సారు నా బెల్టు తెచ్చి ఇచ్చాడు. "రంగు మంచిగనే వట్టింది. ఉప్పు ఎయ్యలే నువ్వు. చెమటకు దిగుద్ది," అన్నాడు. అంతే, నా పరీక్ష అయిపోయింది. ఆయన అన్నట్టే దిగింది. నా తెల్ల డ్రెస్సు నడుము చుట్టూ ఇప్పటికీ నల్లమరక.

సారు రిటైరై ఊరికి పోయేటప్పుడు ఆ సిల్వర్ గిన్నె నాకిచ్చాడు. జీవితంలో ఆమె మీద నేను గెలిచింది అదొక్కటే అనుకుని గిన్నెను ఊరేగింపుగా తెచ్చినట్టు తెచ్చుకున్నాను. ఆమె అప్పటికే పెళ్లయి హుజూర్‌నగర్ పోయింది. ఊళ్లో ఉన్నదాన్ని నేనే కాబట్టి ఇచ్చాడేమో అన్న అనుమానం ఆ మరునాడు పుట్టింది. ఇంకా పోలేదు.

అదే మైదానంలో నేను నేర్పడం మొదలుపెట్టాను. ఆమె హుజూర్‌నగర్ మెయిన్ రోడ్డు మీద మేడపైన అకాడమీ పెట్టింది. అద్దాలు, కింద మెత్తటి పరుపులు, బయట పెద్ద ఫ్లెక్సీ. ఫ్లెక్సీలో ఆమె కాలు చెవి దాకా లేచి ఉంటుంది, పదేళ్లుగా దించలేదు. అక్కడ మూడు నెలలకో బెల్టు. రెండున్నరేళ్లలో నలుపు. కరోనా ఏడాది ఫోన్‌లో వీడియో పంపినవాళ్లకు కూడా బెల్టులిచ్చారు. బెల్టులు ప్లాస్టిక్ కవర్లలో వస్తాయి, దారంతో పిల్లల పేర్లు కుట్టి. నా దగ్గరికి వచ్చిన తల్లులు మొదటి రోజే అడిగేవాళ్లు.

"మేడం, మీ తాన పసుపు బెల్టు ఎన్నొద్దులకు ఇస్తరు?"

"అడిగినోళ్లకు ఆర్నెల్లు లేటు," అనేదాన్ని.

వాళ్లు మళ్లీ కనిపించేవాళ్లు కాదు. ముప్పై మంది పిల్లలు తొమ్మిది మంది అయ్యారు.

నాకు హుజూర్‌నగర్‌లో పనేమీ లేకపోయినా పని కల్పించుకుని పోయేదాన్ని. ఒకసారి ఆ మేడ మెట్ల మీద విడిచిన చెప్పుల జతలు లెక్కపెట్టాను. డెబ్భై దాకా లెక్కపెట్టి ఆపేశాను. మెట్ల మీద నిలబడి తలుపు సందులోంచి చూశాను కూడా. నల్ల బెల్టు కట్టుకున్న బుడ్డోడు మోకాలు వంచకుండా నిలబడి గాలిని గుద్దుతున్నాడు. మా సారైతే ఆ కాలిని ఒక్క తన్ను తన్నేవాడు. పైన పటారం లోన లొటారం అని బస్సులో ఊరు వచ్చేదాకా గొణుక్కుంటూ సంతోషపడ్డాను. కానీ నిజం చెప్పుకోవాలి. నా ఏడుపు కరాటే కోసం కాదు. ఆ చెప్పులు నా మైదానం గేటు దగ్గర ఉండి ఉంటే కాలం మారింది, మనమూ మారాలి అని నేనే ఉపన్యాసం ఇచ్చేదాన్ని. ఆ పరుపులు చూసి కూడా ఏడ్చాను. గుండ్రాళ్ల మీద పడి లేచిన నా మోకాళ్లు ఇప్పుడు మెట్లెక్కితే కలుక్కుమంటాయి.

నిరుడు వానాకాలంలో ఒక పొద్దున ఆమె స్కూటీ మీద మా మైదానానికి వచ్చింది. వెనక ఎనిమిదేళ్ల కూతురు.

"బాగున్నవా?" అంది.

"బాగనే ఉన్న. ఏంది గిట్లొచ్చినవ్?"

"మా పిల్లను నీ తాన చేర్పిద్దామని."

"నీకు గంత పెద్ద జాగా ఉండంగ?"

ఆమె బురద తొక్కుకుంటూ దగ్గరికి వచ్చింది. "నా అకాడమీల పిల్లలను జరసేపు వంగబెడితె ఇంటికి పోంగనె ఫోన్లొస్తయి, మా పిల్లకు కాళ్లు గుంజుతున్నయని. కిరాయి కట్టాలె, నడుపుకోవాలె. నడువనీ. దీనికి మాత్రం గట్లొద్దు. సారు నేర్పినట్టు నేర్పు."

ఇంతకన్నా ఏం కావాలి నాకు? పూటంతా నేల మీద నడవలేదు. సాయంత్రం మా అక్కకు ఫోన్ చేసి మరీ చెప్పాను. మరునాడు ఆ పిల్ల కాలు లేపింది. చెవి దాకా పోయింది. దాని పక్కనే మా అక్క బిడ్డ నిలబడి ఉంది, నా దగ్గరే ఉండి చదువుకుంటున్న పిల్ల. దానిదీ అదే వయసు. దాని కాలు నడుము దాటలేదు. నా సంతోషం అక్కడికి సరి.

తర్వాత నేను చేసిన పని చెప్పడానికి సిగ్గుగా ఉంది. కటాలో తిరిగేటప్పుడు ఆమె కూతురి ఎడమ మడమ లేస్తోంది. చిన్న తప్పు. అలవాటైతే పోదు. మొదటి రోజే చూశాను. రెండు వారాలు చెప్పలేదు. మిగతా తొమ్మిది మందికీ వేళ్లూ గోళ్లూ సరిచేశాను, దాని దగ్గరికి వచ్చేసరికి "మంచిగుంది" అని ముందుకు పోయాను. ఆఖరికి మా అక్క బిడ్డే ఆ పిల్లకు చెప్పింది.

"నీ మడిమ లేస్తాంది, చూస్కో. చిన్నమ్మ చూడలే."

చిన్నమ్మ చూడలేదట. ఆ రోజు సైరన్ మోగేదాకా పిల్లలతోపాటు నేనూ వంగి నిలబడ్డాను, మోకాళ్లు విరిగినా సరే అని.

మొన్న మాఘమాసంలో ఇద్దరికీ పసుపు బెల్టు పరీక్ష పెట్టాను. ముందు రోజు కొట్లో రెండు ప్యాకెట్లు కొన్నాను. రెండు గిన్నెలు పెడితే ఎవరు అడ్డం? పద్ధతి పెట్టిన మనిషి మర్రిగూడలో మంచం మీదున్నాడు. కాలం మారిందని ఊరంతా అంటోంది, నేనొక్కదాన్ని అంటే తప్పా? మా అక్క బిడ్డ నాలాంటిదే, పడీ పడీ నేర్చుకుంది. పరీక్షలో దాని తొడలు ఒక్కసారి కూడా వణకలేదు. ఆమె కూతురు దానికన్నా వెంట్రుకవాసి బాగా చేసింది. ఆ వెంట్రుకవాసి తేడా అక్కడ ఇద్దరికే తెలుసు. నాకూ, గోడ పక్కన నిలబడి చూస్తున్న చివరింటి పిల్లకూ. ముందు ఎవరిది ముంచుతానోనని ఆమె గిన్నె దిక్కే చూస్తోంది.

ఒక ప్యాకెట్ కొంగున ముడేసుకుని రెండోది నీళ్లలో పోశాను. ఉప్పు వేశాను. కట్టెతో కలిపాను. "ముందు నువ్వు రా," అని ఆమె కూతురిని పిలిచాను.

బెల్టు మునిగింది. నీళ్ల రంగు పలచబడింది. తర్వాత మా అక్క బిడ్డ తన బెల్టు తెచ్చి నా చేతికిస్తూ నా ముఖంలోకి చూసింది. ఏడవలేదు, అలగలేదు. దానిదీ ముంచి తీగ మీద ఆరేశాక రెండు బెల్టుల దిక్కు ఒకసారి, చివరింటి పిల్ల కూతురి దిక్కు ఒకసారి చూసి ఊరుకుంది. చివరింటి పిల్ల పోతూ పోతూ నా భుజం మీద చెయ్యి వేసింది. తీసెయ్యమనాలనిపించింది. అనలేదు.

నాలుగు రోజులకు కొట్టుకు పోతే కొట్టాయన నవ్వుతూ అన్నాడు, "మీ అక్క బిడ్డ వొచ్చింది మేడం. నీలంరంగు ప్యాకెట్లు రెండు ఎంతకని అడిగింది. అమ్ముమంటవా?"

నీలం అంటే ఆకుపచ్చ బెల్టుకు. ఆ పరీక్షకు ఇంకా ఏడాది ఉంది.

"అమ్మకు," అన్నాను. రెండడుగులు వేసి మళ్లీ వెనక్కి వచ్చాను. "వినకపోతే ఇయ్యి. ఇచ్చేటప్పుడు ఉప్పెయ్యమని చెప్పు."