మొదటి పాలు అందని దుడ్డె

శ్యామల కుదురుగా కూర్చోవడం ఆమె భర్త సంపత్ కూడా అరుదుగానే చూశాడు. అన్నం ముందు కూర్చుంటే సగంలో లేచి ఫోన్ అందుకుంటుంది. పెళ్లికి పోతే భోజనాల వరుసలోంచి పక్కకు వచ్చి ఎవరితోనో మాట్లాడుతుంది. అవతల ఏదో ఊళ్లో బర్రె దూడను సాకుతున్న రైతు చెప్పేది ఇంచుమించు ఒకే మాట. "దుడ్డె మంచిగనే ఉన్నది చెల్లె, పాలు తాగుతున్నది. నువ్వు పరేషాన్ కాకు."

ఆమె పుట్టి పెరిగింది గోదావరిఖని కంపెనీ క్వార్టర్లలో. తండ్రి ఎల్లేశం బొగ్గుబాయిలో పనిచేసేవాడు. షిఫ్టు దిగే వేళ దాటినా ఆయన రాకపోతే తల్లి రాజక్క వంటింట్లోంచి వాకిట్లోకి, వాకిట్లోంచి వంటింట్లోకి తిరిగేది. వేళకాని వేళ సైరన్ మోగితే క్వార్టర్ల లైను మొత్తం గడపల్లోకి వచ్చి నిలబడేది. ఎల్లేశం ప్రతిసారీ క్షేమంగానే ఇల్లు చేరాడు, చివరికి నౌకరీ పూర్తిచేసుకుని దిగిపోయాడు కూడా. కానీ ఆ ఎదురుచూపు కూతురి ఒంట్లో ఉండిపోయింది.

ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు చదివి, కరీంనగర్‌లో ఒక పిల్లల ఆసుపత్రిలో చేరింది. పసిబిడ్డల నెత్తురు పరీక్షించి, లోపల ఎక్కడైనా వాపు, చీము ఉన్నదేమో చెప్పే సీఆర్‌పీ లెక్క తేల్చడం ఆమె పని. పెళ్లయి పెద్దపల్లికి వచ్చాక పశువైద్యుడు విద్యాధర్ దగ్గర పని దొరికింది. చుట్టుపక్కల ఊళ్లలో బర్రె దుడ్డెలు పుట్టిన కొద్దిరోజులకే ఎందుకు చనిపోతున్నాయో వాటి నెత్తురులో వెతికే పని అది. పాలకేంద్రం వెనక ఒక గది, రెండు బల్లలు, నెత్తురు గొట్టాలను గిరగిరా తిప్పే యంత్రం. అదే వాళ్ల ల్యాబు.

మొదటిరోజు విద్యాధర్ ఆమెకు చెప్పింది ఇది. మనిషి బిడ్డకు రోగాన్ని ఎదిరించే బలం కొంత తల్లి కడుపులోనే అందుతుంది. బర్రె దుడ్డెకు అట్లా అందదు. ఈనిన వెంటనే తల్లి ఇచ్చే చిక్కటి జున్నుపాలలోనే అదంతా వస్తుంది. అవి కూడా పుట్టిన మొదటి కొన్ని గంటల్లోపు తాగాలి. ఆలస్యమైతే కడుపు నిండుతుంది గాని నెత్తురులోకి బలం చేరదు. మర్నాడు దుడ్డె మెడలోంచి నెత్తురు తీసి, పైకి తేరిన నీటిని ఒక చుక్క చిన్న దుర్బిణి లాంటి దాని అద్దంమీద వేసి వెలుతురుకు పట్టి చూస్తే, లోపల నీలం, తెలుపు కలిసే గీత ఎంత ఎత్తున ఉన్నదాన్నిబట్టి ఆ పాలు అందాయో లేదో తెలిసిపోతుంది. రెండో పరీక్ష కరీంనగర్‌లో చేస్తారు. మనుషులకు సీఆర్‌పీ ఎట్లాగో పశువులకు హాప్టోగ్లోబిన్ అట్లా. ఒంట్లో ఎక్కడ వాపు, మంట లేచినా కాలేయం దాన్ని నెత్తురులోకి వదులుతుంది.

పనిలో చేరిన మొదటి చలికాలంలోనే శ్యామలకు దెబ్బ తగిలింది. సుల్తానాబాద్ దారిలో కుమారస్వామి అనే రైతు ఇంట్లో పుట్టిన దుడ్డెకు రెండో పరీక్ష లెక్క విపరీతంగా ఎక్కువ వచ్చింది. ఆ సమయానికి విద్యాధర్ ఆసిఫాబాద్‌లో ఉన్నాడు, ఫోన్ కలవలేదు. ఆమె ఆగలేకపోయింది.

"కుమారస్వామన్నా, లోపల ఎక్కడనో చీము పట్టినట్టున్నది. ఆలస్యం చేస్తే దుడ్డె దక్కది," అని చెప్పేసింది.

కుమారస్వామి ఊళ్లో దొరికిన మనిషితో సూదులు వేయించాడు. దుడ్డె గిలగిలా కొట్టుకుంది. అతని తల్లి చంద్రవ్వ దాని పక్కన కూర్చుని ఏడ్చింది, ఇంట్లో పొయ్యి వెలగలేదు. తీరా విద్యాధర్ వచ్చి చూసేసరికి దుడ్డె గడ్డివామి చుట్టూ గంతులు వేస్తోంది. ఆయన దాని కాళ్లు, పక్కటెముకలు తడిమి అడిగాడు.

"ఈనేటప్పుడు తాడు కట్టి గుంజిండ్రా?"

"గుంజినం సార్. అడ్డం తిరిగిందని నలుగురం పట్టి గుంజినం."

"అదే మరి. కండలు నలిగినా గీ లెక్క పెరుగుతది. దుడ్డెకు ఏం కాలే."

చంద్రవ్వ శ్యామల వైపు తిరిగింది. గొంతు పెంచకుండానే అడిగింది. "నువ్వు డాక్టరువా బిడ్డా? చస్తదన్నవు. ఇంటిల్లిపాది అన్నం తినలే. మల్ల మా వాకిట్లకు రాకు."

తిరిగి వస్తుంటే దారిలో విద్యాధర్ అన్నాడు. "లెక్క తప్పు కాదు శ్యామలా. మంట ఉన్నదని చెప్పింది. ఎందుకున్నదో, ఎక్కడున్నదో చెప్పలే. అది దుడ్డెను పట్టి చూస్తెనే తెలుస్తది."

ఆయన మందలించినట్టు అనలేదు. అయినా ఆ మాట ఆమెను వదల్లేదు. అప్పటినుంచి ఫోన్లు మానేసింది. పెరిగిన లెక్కలు వస్తే సార్‌కు పంపి ఊరుకునేది. ఊరుకున్నట్టు కనిపించేదే గాని, కడిగిన గొట్టాలనే మళ్లీ కడిగేది, ఇల్లు ఊడ్చినచోటే ఊడ్చేది.

"ఇప్పుడు ఎవరికీ ఫోన్ చేస్తలేవేంది?" అని సంపత్ అడిగాడు.

"చేసి ఏం చెప్పాలె? ఏం చెప్తె ఏమైతదో."

అట్లాంటి రోజుల్లోనే దేవవ్వ బర్రె ఈనింది. దేవవ్వ భర్త పోయిన మనిషి. పెద్దపల్లికి దగ్గర్లోని పల్లెలో ఒక్క బర్రెను పెట్టుకుని పాలు అమ్ముకుని బతుకుతుంది. శ్యామల మర్నాడు పోయి నెత్తురు తీసి, అద్దంలో చూస్తే గీత చాలా కిందికి ఉంది. జున్నుపాలు అందనే లేదు.

"దుడ్డెను ఎప్పుడు తాగనిచ్చినవ్ అవ్వా?"

"మాయ పడ్డంక. పొద్దున ఈనితె, పొద్దుగూకినంక పడ్డది. అప్పటిదాక ఎవలన్న తాగనిస్తరా? అంతకుముందు పిండిన పాలు జున్నుకని వాడకట్టుల పంచిన."

ఈనిన బర్రె కడుపులోంచి మాయ పొర పడేదాకా దుడ్డెను పొదుగు దగ్గరికి పోనివ్వకపోవడం ఆ ఊళ్లో అందరూ చేసేదే. శ్యామల ఏమీ అనకుండా వచ్చేసింది. వారం తిరగకుండా తీసిన రెండో నెత్తురులో హాప్టోగ్లోబిన్ పెరిగి ఉంది. ఆమె విద్యాధర్‌కు ఫోన్ చేసింది. ఆయన మళ్లీ ఆసిఫాబాద్‌లోనే ఉన్నాడు.

"సార్, రెండు పరీక్షలు మంచిగ లేవు."

"దుడ్డె ఎట్లున్నది?"

"నిన్న ఉరుకుతుండె. పాలు గూడ తాగింది."

"అయితే జర చూస్తుండు. నేను ఎల్లుండి వస్త."

చూస్తుండమంటే ఎక్కడినుంచి చూడాలి? ల్యాబులో కూర్చుంటే దుడ్డె కనబడదు. పోయి చెబితే మళ్లీ ఒక ఇల్లు ఏడుస్తుంది. చెప్పకపోతే? స్కూటీ తాళం చేతిలోకి తీసుకుంది, బల్లమీద పెట్టింది. నీళ్లు తాగింది. గుమ్మం దాకా పోయి వచ్చింది. చంద్రవ్వ మొహం కళ్లముందు కదులుతోంది. చివరికి తాళం తీసుకుని బయటికి నడిచింది. దారిపొడవునా వెనక్కి తిరుగుదామనే అనుకుంది.

దేవవ్వ వాకిట్లో పిడకలు కొడుతోంది. "మల్ల నెత్తురు తీస్తవా బిడ్డా? దానికి ఒంట్ల ఏమన్న మిగిలిందా?"

"నెత్తురొద్దు అవ్వా. ఒక్కసారి దాన్ని పట్టుకోనియ్యి."

దుడ్డె తల్లి పక్కన నిలబడి ఉంది. చూడ్డానికి ఏ లోపమూ లేదు. శ్యామల దాని పొట్ట కిందికి చేయి పోనిచ్చి, బొడ్డు చుట్టూ వేళ్లతో నొక్కింది. లోపలికి పోయే నరం బొటనవేలంత లావుగా, వేడిగా తగిలింది. దుడ్డె నడుము వంచి తన్నబోయింది. ముందు కాలి మోకాలు రెండోదానికన్నా కాస్త ఉబ్బి ఉంది. ఆమె అక్కడే నిలబడి ఫోన్ చేసి, వేళ్లకు తగిలింది తగిలినట్టే చెప్పింది. ఈసారి చస్తుందని గానీ బతుకుతుందని గానీ అనలేదు.

విద్యాధర్ దొరికిన రైలు పట్టుకుని సాయంత్రానికి వచ్చాడు. బొడ్డు కోసి చీము తీశాడు, సూదులు మొదలుపెట్టాడు. కీలులోకి కూడా దిగిందన్నాడు.

ఆ తర్వాత రోజులు తెమలలేదు. దుడ్డె పాలు మానేసింది. ఒకపూట లేస్తే ఒకపూట లేవలేదు. శ్యామల పొద్దున పోయేది, మధ్యాహ్నం మళ్లీ పోయేది, ఫోన్ మోగితే చేతిలో పని వదిలి అందుకునేది. ఒకరోజు సీసాతో పాలు పట్టిస్తుంటే దేవవ్వ అన్నది. "మేం ఎప్పటినుంచో మాయ పడెదాక ఆపుతనే ఉన్నం. అన్ని దుడ్డెలు సావలే గద."

"అన్ని సావలే అవ్వా. నీ దగ్గర ఎన్ని పోయినయి?"

దేవవ్వ సీసా వైపు చూస్తూ చెప్పింది. "ముందటేడు ఒకటి పోయింది. అంతకుముందు గూడ. దిష్టి తగిలిందనుకున్న. దానికోసం పక్కింటి యాదవ్వతోని మాటలే బంద్ చేసిన."

అడక్కపోయినా బాగుండేది అనిపించింది శ్యామలకు. ఆమె దుడ్డె గొంతు నిమురుతూ కూర్చుంది. దేవవ్వ కొంగుతో ముక్కు తుడుచుకుని లేచి బర్రెకు కుడితి పెట్టింది.

దుడ్డె బతికింది. మోకాలు మాత్రం పూర్తిగా సాగలేదు, ఇప్పటికీ కుంటుతూనే నడుస్తుంది. యాదవ్వతో దేవవ్వ మాట కలిపిందని ఎవరో చెప్పారు, ఎట్లా కలిపిందో తెలియదు. చంద్రవ్వ ఇంటికి మాత్రం నెత్తురు తీయడానికి విద్యాధర్ ఒక్కడే పోతున్నాడు.

మరుసటి ఈతకు దేవవ్వే ఫోన్ చేసింది. "బర్రె ఈనింది బిడ్డా. మాయ ఇంక పడలే. తాగనియ్యాల్నా?"

"ఇప్పుడే తాగనియ్యి అవ్వా. కడుపు నిండ తాగనియ్యి."

శ్యామల చేరేసరికి వాకిట్లో ఇద్దరు ముగ్గురు ఆడవాళ్లు గిన్నెలతో నిలబడి ఉన్నారు. దుడ్డె పొదుగును తలతో కుమ్ముతూ తాగుతోంది. దేవవ్వ దాని పక్కనే కాపలా ఉంది.

"జున్నుపాలు లేవు. రేపు రండ్రి," అంటోంది వాళ్లతో. "మిగిలితె రేపు పోస్త."

"గిదేం కొత్త?" అన్నదొకామె.

"కొత్తనే. ఏం చేస్తం."

మర్నాడు శ్యామల నెత్తురు తీసి, అది తేరేదాకా వాకిట్లోనే అటూ ఇటూ తిరిగింది. చుక్క వేసి వెలుతురుకు పట్టింది. గీత ఎక్కడ ఉండాలో దానికి పైనే ఉంది. ఆ దుర్బిణిని దేవవ్వ చేతికిచ్చి ఎట్లా చూడాలో చెప్పింది. దేవవ్వ ఒక కన్ను మూసి చాలాసేపు చూసింది.

"సగం నీలం, సగం తెలుపు. గిదేనా?"

"గిదే అవ్వా."

"గింత దానికి ఇన్నేండ్లు పట్టింది," అని దేవవ్వ దుర్బిణి తిరిగి ఇచ్చేసి, కొంగు నములుతున్న దుడ్డె నోట్లోంచి మెల్లగా కొంగు లాక్కుంది.