మూడో ఏటి వంతు

పోయిన అక్టోబర్‌లో ఇంటి డీడ్ మార్పించడానికి నేనూ మా ఆవిడా అటార్నీ ఆఫీస్‌కి వెళ్లాం. న్యూజెర్సీ పిస్కాటవేలో ఈ ఇల్లు కొన్నప్పుడు ఆమె డిపెండెంట్ వీసా మీద ఉండటంతో కాగితాలన్నీ నా ఒక్కడి పేరునే రాయించాను, తరవాత మార్పించవచ్చులే అనుకున్నాను. పిల్లలిద్దరూ కాలేజీలకు వెళ్లిపోయి, నా గుండెలో ఒక స్టెంట్ పడ్డాక గానీ ఆ తరవాత రాలేదు. ఆఫీస్‌లో రిసెప్షన్ బల్ల మీద దాల్చినచెక్క వాసన వేసే కొవ్వొత్తి వెలిగించి పెట్టారు. ఈ దేశంలో ఆకులు రంగు మారడం మొదలైతే చాలు, కాఫీ నుంచి కార్ వాష్ దాకా అన్నిటికీ ఆ వాసన పట్టిస్తారు. మా ఆవిడకి ఇష్టం. నాకు మాత్రం అది తగిలితే గొంతు పట్టేస్తుంది. ఎలర్జీ అని చెప్పి ఇన్నేళ్లూ తప్పించుకున్నాను. అటార్నీ కాగితాలు మా ముందుకు జరిపింది. మా ఆవిడ కళ్లజోడు కార్‌లో మరిచిపోయింది. కాగితాన్ని చేయి చాచినంత దూరాన పట్టుకుని చూసి, లాభం లేక నా వైపు తిరిగి, "నా పేరు కూడా ఉందా ఇందులో? లేక ఇన్నేళ్లు వండిపెట్టినందుకు సాక్షి సంతకం పెట్టిస్తున్నారా?" అంది నవ్వుతూ.

నేను నవ్వలేకపోయాను. ఉంది అని ఊరుకోలేదు. కాగితం తీసుకుని, ఆమె పేరున్న చోట వేలు పెట్టి, అక్షరం అక్షరం చదివి వినిపించాను. అటార్నీ వాచీ చూసుకుంది. "ఏంటండీ, ఊరికే జోక్ చేశాను" అంది మా ఆవిడ. అదే ప్రశ్న నన్ను ఇంతకు ముందు ఇంకొకావిడ అడిగింది. ఆమె జోక్ చేయలేదు.

అప్పటికి ఇరవై రెండేళ్ల కిందటి మాట. హైదరాబాద్‌లో మ్యాపులు తయారుచేసే ఒక కంపెనీ తరఫున కాంట్రాక్ట్ మీద ఇండొనేషియా వెళ్లాను. సుమత్రా కొండల మధ్య ఒక లోయ. పల్లెల్లో పొలాలు కొలవడం, హద్దులు గీయడం, ఎవరి పొలానికి వారి పేరున పట్టా వచ్చేలా ఫారాలు నింపడం మా పని. నాకు ఇచ్చిన ఊళ్లో నూటయాభై గడప ఉంటుందేమో. ఇళ్లన్నీ రైలుపెట్టెల్లా ఒకదానికొకటి ఆనుకుని రెండు వరసల్లో ఉండేవి. రోడ్డుకు రెండువైపులా దాల్చినచెక్క పరిచి ఎండబెట్టేవాళ్లు, మోటార్ సైకిళ్లు దాన్ని తొక్కకుండా వంకర్లు తిరుగుతూ పోయేవి. ఊరి వెనక ఎప్పుడూ సన్నగా పొగ వదిలే కొండ ఒకటి. వెళ్లిన కొత్తలో దాన్ని చూసి నేను భయపడితే, పొగ వస్తున్నన్నాళ్లు భయం లేదని, ఆగిపోతేనే సామాన్లు సర్దుకోవాలని చెప్పారు. మర్యాదగా మగవాళ్లని వాళ్లు పాక్ అంటారు. నా పేరు నోరు తిరగక అందరూ పాక్ ఇండియా అనేవాళ్లు. ఆ రెండు మాటలూ పక్కపక్కన అంత స్నేహంగా వినడం నాకు అదే మొదలు.

ఒక పెద్దావిడ ఇంట్లో ముందుగది నాకిచ్చారు. అరవై దాటిన మనిషి, భర్త పోయాడు, మనవరాలిని పెంచుకుంటోంది. నన్ను మాత్రం పాక్ అనేది కాదు, నాక్ అనేది. అంటే బిడ్డ. పొద్దున్నే కాఫీ గింజలతో కాకుండా, పొగలో ఆరబెట్టిన కాఫీ ఆకులతో కాచిన నీళ్లు కొబ్బరిచిప్పలో పోసి ఇచ్చేది. మొదటి వారం అది మందు అనుకుని తాగాను. రెండో వారం అడిగి మరీ పోయించుకున్నాను. నేను మిరపకాయలు కొరుక్కుని తింటుంటే తన ఇరుగుపొరుగుని పిలిచి చూపించేది, తనే కని పెంచినంత గర్వంగా.

ఆమెకీ ఆమె ఇద్దరు చెల్లెళ్లకీ కలిపి తల్లి నుంచి వచ్చిన వరిపొలం ఒకటి ఉంది. అక్కడ పొలం ఆడపిల్లలకు వస్తుంది. దాన్ని ముక్కలు చేయరు, వంతులు వేసుకుంటారు. ఒక ఏడు పెద్దది, మరుసటేడు రెండోది, ఆ పైయేడు చిన్నది. వంతు ఎవరిదైతే ఆ ఏడు పొలం వాళ్లది, పంట వాళ్లది. మిగతా ఇద్దరూ నాట్లకీ కోతలకీ వచ్చి కూలిగా వడ్లు తీసుకెళతారు. ఇదంతా నాకు మూడు మిరపకాయలు చాప మీద పెట్టి, బడి మాస్టారి ఇంగ్లీష్ సాయంతో చెప్పింది. చెప్పనక్కర్లేదు. మా ఊళ్లో కాలువ నీళ్లకి వంతులుండేవి. తన గంట కోసం మా నాన్న పార భుజాన వేసుకుని తూము దగ్గర నిలబడటం చూస్తూ పెరిగినవాణ్ణి. వంతంటే ఏమిటో, వంతు పోతే ఏమవుతుందో నాకు తెలుసు. తెలియక చేసిన తప్పు కాదని చెప్పడానికే ఈ సంగతి రాస్తున్నాను.

ఆమె కాలాన్నంతా ఆ వంతులతోనే లెక్కపెట్టేది. భర్త పోయింది తన వంతుకు ముందటేడు. మనవరాలు పుట్టింది చిన్నచెల్లెలి వంతులో. ఇంటికి రేకులు వేసింది తన వంతు తిరిగొచ్చినప్పుడు. "మధ్య రెండేళ్లూ ఎలా గడుస్తాయి పెద్దమ్మా?" అని ఒకసారి అడిగాను. "నాదొస్తుందిగా, ఆ రెండేళ్లకేం? నడిచిపోతాయి" అంది. నేను వెళ్లిన ఏడు చిన్నచెల్లెలి వంతు. వచ్చే ఏడు ఆమెది. విత్తనాలకని మంచి వడ్లు అప్పుడే ఏరి, కుండలో పోసి, మూతికి గుడ్డ కట్టి, నేను పడుకునే గదిలోనే అటక మీద పెట్టింది.

మా ఫారంలో యజమాని పేరు అన్న చోట ఒకటే గడి ఉంది. ఉమ్మడి పొలాలకు అనుబంధ పత్రం వేరే ఉంది, అది నా సంచిలోనే ఉంది. కాకపోతే దాని మీద అందరూ నా ఎదురుగా సంతకం పెట్టాలి. రెండో చెల్లెలు కనుమకు అవతలి ఊళ్లో ఉంటుంది. వానలకి కనుమ రోడ్డు మీద కొండచరియ విరిగిపడింది, తీయడానికి వారం పడుతుందో రెండు వారాలో ఎవరూ చెప్పలేదు. నాకేమో పది రోజుల్లో చెన్నైలో వీసా స్టాంపింగ్, ఆ వెంటనే న్యూజెర్సీలో జాయినింగ్. ఫోన్ చేస్తే మా మేనేజర్ ఇంగ్లీష్‌లో ఒకటే మాట చెప్పాడు: ఈ ఏడు ఎవరు సాగు చేస్తున్నారో వాళ్ల పేరు రాసెయ్, లిస్ట్ క్లోజ్ చెయ్. ఆయన నా మంచికే చెప్పాడని అప్పుడు అనుకున్నాను. నిజానికి నేను వినాలనుకున్నది చెప్పాడు.

చిన్నచెల్లెలి కొడుకు టౌన్‌లో ఉద్యోగం. ఆ రోజుల్లో సెలవు పెట్టి మరీ నా వెంట తిరిగాడు. జీపీఎస్‌కి బ్యాటరీలు తెచ్చాడు, జెలగలు పడితే ఉప్పు రాశాడు. "పెద్దమ్మలకి నేను చెప్పుకుంటాను పాక్, మా ఇంట్లో గొడవలుండవు. మీ ప్రయాణం పాడు చేసుకోకండి" అనేవాడు. రెండుసార్లు ఎవరో బూట్లు వేసుకున్న మనిషి అతనితో వచ్చి గట్టు మీద అడుగులు లెక్కపెట్టుకుంటూ నడవడం నేను చూశాను. చూసి, జీపీఎస్ తెర మీదికి తల వంచుకున్నాను.

ఎర్రరంగు తలకాయలున్న నాలుగు కొయ్యలు ఆ పొలం నాలుగు మూలలా పాతించిన మర్నాడు పొద్దున ఊరంతా గట్టు మీద నిలబడి ఉంది. బురదలో అడుగుజాడలు, నా అరచేయి కంటే పెద్దవి. మొదటి కొయ్య దగ్గర మొదలై, గట్టు వెంట నాలుగో కొయ్య దాకా వెళ్లి, అక్కడి నుంచి అడవి వైపు తిరిగాయి. ఆ ఊళ్లో పులిని పులి అనరు. తాత అంటారు. పెద్దావిడ వంగి ఒక జాడలో తన చేయి పెట్టి చూసింది. "తాత ఊరికే రాడు. ఎవరో మాట తప్పారు. లేదా తప్పబోతున్నారు. చూసి పోదామని వచ్చాడు" అంది. గొంతులో భయం లేదు, ఇంటికి చుట్టం వచ్చి వెళ్లాడన్నట్టే చెప్పింది. అది వినే జనం ఇళ్లకు వెళ్లి ఎవరి తప్పులు వాళ్లు వెతుక్కున్నారు. ఆ పూట రెండు పారలు, ఒక తడిక, ఒక బాతు సొంతదారుల ఇళ్లకు తిరిగొచ్చాయి. బాతు తెచ్చినాయన అది దారి తప్పి తన ఇంట్లో మూడు నెలలుందని ప్రమాణం చేశాడు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. నా సంచిలో ఉన్నది మాత్రం సంచిలోనే ఉంచుకున్నాను.

సంతకాల రోజు కొండ పొగ ఎప్పటికంటే నల్లగా ఉంది. ఊరి ఆఫీసులో బల్ల మీద బూడిద సన్నగా రాలుతుంటే, ఫారాలు చేత్తో తుడుస్తూ ఇచ్చాను. పక్కన మాకు మాట అందించే బడి మాస్టారు కూర్చున్నారు. చిన్నచెల్లెలు వచ్చి, నా కళ్లలోకి గానీ అక్క కళ్లలోకి గానీ చూడకుండా సంతకం చేసి వెళ్లిపోయింది. ఆ పొలానికి ఆనుకుని పెద్దావిడకి చిన్న కూరగాయల మడి ఉండటంతో, పక్క పొలం సాక్షిగా ఆమె వేలిముద్ర కావాల్సి వచ్చింది. పండక్కి కట్టుకునే జరీ గుడ్డ తలకు చుట్టుకుని వచ్చింది. వేలు సిరాలో ముంచి, కాగితం మీద ఆన్చబోతూ ఆగింది.

"నా పేరు కూడా ఉందా నాక్, ఇందులో?"

మాస్టారు దాన్ని నాకు ఇంగ్లీష్‌లో చెప్పబోయారు. అక్కర్లేకపోయింది. ఆ పాటి మాట అప్పటికి నాకు వచ్చు. "ఉంది" అన్నాను, వాళ్ల భాషలోనే. అబద్ధం కాదు, సాక్షుల వరసలో ఆమె పేరుంది. మాస్టారు నా వైపు చూసి, బల్ల మీద బూడిదని వేలితో ఒక పక్కకి తోయడం మొదలుపెట్టారు. ఆమె వేలు గట్టిగా నొక్కి, సిరాని చెంప దగ్గరి జుట్టుకు తుడుచుకుని, "ఇప్పుడింక ఎవరూ కాదనరు" అంది. నేను బయలుదేరే పొద్దున దాల్చినచెక్క కట్ట ఒకటి అరటినారతో కట్టి ఇచ్చింది, కొత్త పెళ్లాం ఉందన్నావు కదా, తనకివ్వమని. జకార్తా ఎయిర్‌పోర్ట్‌లో దాన్ని చెత్తడబ్బాలో వేశాను. కస్టమ్స్ వాళ్లు ఒప్పుకోరని నాకు నేనే చెప్పుకున్నాను. చేతికి ఆ వాసన విమానం దిగేదాకా పోలేదు.

మరుసటేడు మాస్టారి దగ్గర నుంచి మెయిల్ వచ్చింది. పెద్దావిడ మొలకలొచ్చిన విత్తనాల బుట్ట నెత్తిన పెట్టుకుని పొలానికి వెళితే చుట్టూ ముళ్లకంచె ఉందట. మూలల్లో నా ఎర్ర కొయ్యలే. చిన్నచెల్లెలి కొడుకు పట్టా చూపించి అమ్మేశాడు. చెల్లెలు తలుపు వేసుకుని లోపలే ఉండిపోయింది. పెద్దావిడ మొలకలు ముదిరిపోయేదాకా మూడు రోజులు గట్టు మీదే కూర్చుందట. ఊరిపెద్దలు పంచాయితీ పెడుతున్నారు, పెద్దావిడ హక్కు గురించి నాకు ముందే చెప్పారని ఒక్క ఉత్తరం రాసి పంపండి, చాలు అని అడిగారు మాస్టారు. అప్పుడు నేను హెచ్-వన్ మీద ఉన్నాను. ప్రభుత్వ కాగితంలో తెలిసి తప్పు రాశానని నా సంతకంతో ఒప్పుకుంటే ఎక్కడ తేలుతుందోనని భయపడ్డాను. డిలీట్ చేశాను. కొన్నేళ్లకు మళ్లీ అడిగారు. గ్రీన్ కార్డ్ నడుస్తోంది. మళ్లీ అడిగారు. సిటిజన్‌షిప్ ఇంటర్వ్యూ ముందుంది. అది కూడా అయిపోయాక అడగడం మానేశారు, ఏడాదికొకసారి పండక్కి శుభాకాంక్షలు మాత్రం పంపేవారు. అడగనప్పుడు నేనుగా రాయడానికి ఏ వీసా అడ్డం లేదు. అయినా రాయలేదు. ఆ పొలంలో ఇప్పుడు దాల్చినచెక్క గోదాం ఉందని, సరుకంతా అమెరికాకే వెళుతుందని ఒకసారి రాశారు. బహుశా ఏ ఉద్దేశమూ లేకుండానే రాసి ఉంటారు.

అటార్నీ ఆఫీస్ నుంచి వస్తూ డ్రైవ్‌వేలో కార్ ఆపి ఇంజన్ ఆఫ్ చేయకుండానే మా ఆవిడకి ఇదంతా చెప్పాను. ఆమె సీట్ బెల్ట్ విప్పుకుంది. తరవాత, "ఎలర్జీ అన్నారు కదండీ" అంది. అంతకంటే పెద్ద తిట్టు నన్నెవరూ తిట్టలేదు. ఆ మర్నాడు ఉన్నదున్నట్టు రెండు పేజీలు రాసి, బ్యాంక్‌లో నోటరీ చేయించి, స్కాన్ చేసి మాస్టారికి పంపాను. రాస్తున్నప్పుడు మా ఆవిడ పక్కన కూర్చుని, సాక్షుల వరసలో ఆమె పేరుంది అన్న వాక్యం దగ్గర ఆగి, ఇది కొట్టేయండి, సమర్థించుకున్నట్టుంది అంది. కొట్టేశాను.

పదకొండు రోజులకి జవాబు వచ్చింది. పంచాయితీ పెట్టిన పెద్దల్లో ఒక్కరే మిగిలారు. కాగితం బాగుంది గానీ, ఇప్పుడు కోర్టుకే వెళ్లాలని, వెళ్లినా ఏళ్లు పడుతుందని ఆయన అన్నారట. పెద్దావిడ ఉంది. చూపు లేదు, మనుషుల్ని కూడా ఒకరనుకుని ఒకరిని పిలుస్తోంది. పెళ్లయి పిల్లలున్న ఆ మనవరాలు, ఉత్తరాన్ని మాస్టారి చేత వాళ్ల భాషలో రాయించుకుని, చెవి దగ్గర నోరు పెట్టి మొత్తం చదివింది. తిడుతుందని, ఏడుస్తుందని అనుకున్నారు. ఆమె ఆఖరుదాకా విని, వేళ్లు మడిచి ఏదో లెక్కపెట్టుకుని, "అయితే ఈ ఏడు నా వంతేనా?" అని అడిగిందట. కొన్నేళ్లుగా నాట్ల కాలం వచ్చేసరికి అదే అడుగుతుంది, మేం ఎప్పుడూ చెప్పినట్టే, వచ్చే ఏడు అని చెప్పాం, అని రాశారు మాస్టారు.

ఫోన్ పక్కన పెట్టి నేనూ వేళ్ల మీద లెక్కపెట్టాను. రెండుసార్లు లెక్కపెట్టాను. ఈ ఏడు నిజంగానే ఆమె వంతు. మూడేళ్లకొకసారి తప్పకుండా తిరిగొచ్చే ఏడాది ఒకటి ఆమెకుండేది. ఆ ఒక్క గడిలో నేను ఒక్క పేరు రాసినప్పటి నుంచి, ఆ ఇంట్లో ప్రతి ఏడూ వచ్చే ఏడుగానే ఉండిపోయింది.