మామ గీకేసిన కాలవ

మా మామ పోయినాడని మొన్న పొద్దున గుడియాత్తం నుంచి ఫోనొచ్చింది. అమ్మకు ఒక్కడే తమ్ముడు. నాకు పటాలు గీయడం నేర్పిన గురువు. ఈ రోజు నేను తినే అన్నం ఆయన విద్య పెట్టిందే. అయినా ఆయన్ని తలుచుకుంటే గౌరవం వెనకే కోపం కూడా వస్తుంది. రెండూ చెప్తాను.

మామ భూముల పటాలు గీసేవాడు. గొలుసుతో చేలు కొలిచి, కాగితంలా బిగువైన పలచటి ట్రేసింగు గుడ్డ మీద నల్లసిరాతో దించేవాడు. బండిబాటకు ఒక రకం గీత, కాలవకు ఇంకో రకం. బావికి చుక్క పెట్టేటప్పుడు ఊపిరి బిగబట్టేవాడు. సెలవుల్లో నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, "తొందరపడొద్దమ్మా. నువ్వు గీసిన జాగాలో రేపు ఒకడు గట్టు వేస్తాడు" అనేవాడు. ఆడపిల్లకెందుకు ఈ పని అని అమ్మ అంటే, "దాని చెయ్యి వణకదక్కా, నాదే వణుకుతాది" అని నవ్వేవాడు.

ఆ చదువుతోనే వేలూరులో కొత్తగా పెట్టిన ఒక కంప్యూటర్ సెంటర్లో నాకు ఉద్యోగమొచ్చింది. పాత పటాన్ని బల్ల మీద పరిచి, గీతల వెంబడి మౌసులాంటిది నడిపిస్తే తెర మీద అదే పటం వచ్చేది. ఒకరోజు లత్తేరి పక్కనున్న మా ఊరి పటం నా బల్ల మీదికొచ్చింది. మామ చేతి గీతే. మా చేలకు నీళ్ళు తెచ్చే కాలవ మాత్రం అందులో లేదు. గుడ్డను వెలుతురుకు పెట్టి చూసినాను. కాలవ ఉండాల్సిన చోట బ్లేడుతో గీకిన గరుకు.

అంతకు రెండేళ్ళ ముందే ఆ కాలవ పూడ్చి ఇళ్ళ ప్లాట్లు వేసినారు. "పటంలో కాలవే లేదే" అని తాలూకాఫీసులో, మొరపెట్టుకోను పోయిన నాయనను తిప్పి పంపినారు. ఆ రోజు పక్కన కూర్చుని నాయనను ఓదార్చింది మామే. పైరు ఎండింది. నాయన సేద్యం వదిలి ఆర్కాడులో మేస్త్రీ కింద పనికి పోయినాడు.

ఆ సాయంత్రమే గుడియాత్తం పోయినాను.

"కాలవ యాడ పోయింది మామా?"

"గీసింది నేనే, గీకింది నేనే. ప్లాట్లేసిన పెద్దోళ్ళు వచ్చి అడిగినారు. కాదనే ధైర్యం లేకపోయింది."

"నాయనతో చెప్పినావా?"

"ఏ మొగం పెట్టుకుని చెప్పేదమ్మా?"

మరునాడు తెర మీద నేను కాలవ గీసినాను. "పటంలో లేనిది నువ్వెట్లా పెడతావు?" అని పైవాళ్ళు నా చేతనే తీయించినారు. మామ ఒక్క కాగితం మీద నిజం రాసి సంతకం పెట్టుంటే నిలిచేది. అడిగితే రేపు ఇస్తానన్నాడు. ఇవ్వలేదు. మా మధ్య మాట తెగిపోయింది.

పోయిన ఆడి నెలలో, ఆషాఢంలో, ఆయన్ని చివరిసారి చూసినాను. నేను గుడియాత్తం బస్టాండులో బస్సులో కూర్చుని ఉన్నాను. కింద ఒక ముసలామె పొన్నై ఊళ్ళో ఎవరి ఇంటికో దారి అడుగుతా ఉంది. మామ గొంతుక్కూర్చుని, గొడుగు మొనతో మన్నులో గీసి చూపిస్తా ఉన్నాడు. నేను దిగలేదు. బస్సు కదిలింది. ఆమె తలూపి, ఆ గీతలు తొక్కకుండా పక్కనుంచి నడిచిపోయింది.