నానమ్మ వేలు

ఎలక్ట్రానిక్స్ చదివే ఆ పిల్లని ఇంట్లో తూనీగ అంటారు. అది ఒక్కచోట కుదురుగా ఉండగా చూసినవాళ్లు భూమ్మీద లేరు. అన్నం నిలబడి తింటుంది, గోళ్లు తిరుగుతూ తింటుంది. కాలేజీ ప్రాజెక్టుకని నెలంతా వాకీటాకీల జత తయారుచేస్తుంటే, ఆ టంకం పొగకి ఇంట్లో దోమలన్నీ పిల్లాపాపలతో వలస పోయాయి. రేపటికి అవి వీధి దూరం పలక్కపోతే ఏడాది చదువు బూడిదలో పోసిన పన్నీరే.

సాయంత్రం ఒక సెట్టు నానమ్మ చేతిలో పెట్టి, "బటన్ నొక్కి మాట్లాడు, వదిలేసి విను" అని లక్షసార్లు చెప్పి వీధి చివరికి పంపింది. కాసేపటికి గదిలో రెండో సెట్టు గరగరలాడింది. "ఏమే, వినిపిస్తోందా?" గంట కొట్టినట్టుంది గొంతు.

"వినిపిస్తోంది నానమ్మా!" తూనీగ గంతేసింది. కానీ ముసలావిడ వేలు బటన్ మీద ఉడుంపట్టు పట్టింది. అది వదిలితే తప్ప ఇవతలి మాట అవతలికి పోదు.

"పలకవేమే? పాడైందా?"

"వేలు తియ్యవే తల్లీ!" గది నేల అరిగిపోయేలా తిరిగింది తూనీగ.

"ఏడుస్తున్నావా? ఊరుకో బంగారం. పెట్టె పలక్కపోతే పీడాపోయింది. మీ తాత జన్మలో గోడకి మేకు కూడా తిన్నగా కొట్టలేదు, బతకలేదా?"

ఒక్క అక్షరం పొల్లుపోకుండా వినిపిస్తున్న ఆ ఓదార్పుని చేత్తో పట్టుకునే, పాసైపోయానని చెప్పడానికి తూనీగ వీధిలోకి పరిగెత్తింది.